ఆ అధినాయకుడు ఎవరు? జనగణమన పుట్టుక, దాని చుట్టూ పడిన చిక్కుముడి

"జనగణమన" అంటే అర్థమేమిటని ఎవరినైనా అడిగి చూడండి. జాతీయ గీతం అంటారు. అది పాట పేరు, మాట అర్థం కాదు. నిజానికి ఆ మాట ఒక పెద్ద సమాసంలో సగం ముక్క. "జనగణమన-అధినాయక" అన్నది పూర్తి పదం. జనసమూహాల మనసులను నడిపించే నాయకుడా అని పిలుపు. సంస్కృత వ్యాకరణం లెక్కన అది "మనోధినాయక" కావాలి. బెంగాలీలో మనస్సు "మన"గా స్థిరపడింది కాబట్టి రవీంద్రనాథ్ ఠాగూర్ సంధి జోలికి పోకుండా రెండు పదాలనూ పక్కపక్కన నిలబెట్టాడు. మనం ఆ సమాసాన్ని మధ్యకు కోసి మొదటి సగాన్ని పేరుగా పెట్టుకున్నాం. ఎవరిని పిలుస్తున్నామో మాత్రం రెండో సగంలో ఉంది. నూరేళ్లు దాటిన వివాదమంతా ఆ రెండో సగం గురించే.

ఆ అధినాయకుడు బ్రిటిష్ చక్రవర్తి ఐదో జార్జి అని ఒక వాదన. ఏటా ఆగస్టు 15కు ముందు, జనవరి 26కు ముందు అది మళ్లీ మళ్లీ మన ఫోన్లలోకి వస్తుంది. చక్రవర్తి రాక సందర్భంగా రాసిన స్తోత్రాన్ని మనం లేచి నిలబడి పాడుకుంటున్నామన్నది దాని సారాంశం. చిన్నప్పటి నుంచి బడిలో ఈ పాట పాడి పెరిగినవాడిగా ఇది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. కానీ అబద్ధమని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఇది పోదు. ఇంతకాలం ఎందుకు నిలిచిందో చూడాలి. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పు ఉన్నమాట నిజమే, కాకపోతే అది పక్క పొయ్యిలోది.

1905లో లార్డ్ కర్జన్ బెంగాల్‌ను రెండుగా చీల్చాడు. దానిపై స్వదేశీ ఉద్యమం లేచింది. ఆ రోజుల్లో వీధుల్లో పాడుకోవడానికి పాటల మీద పాటలు రాసి ఇచ్చినవాడు రవీంద్రుడే. ఆరేళ్ల ఆందోళన తరువాత, 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో ఐదో జార్జి రెండు ప్రకటనలు చేశాడు. బెంగాల్ విభజన రద్దు ఒకటి, రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మార్పు రెండోది. సరిగ్గా రెండు వారాలకు కలకత్తాలో కాంగ్రెస్ 26వ మహాసభ మొదలైంది. బిషన్ నారాయణ్ దర్ అధ్యక్షుడు. 1907లో సూరత్‌లో చీలిక వచ్చాక కాంగ్రెస్ మితవాదుల చేతిలో ఉంది. తిలక్ మాండలే జైల్లో ఉన్నాడు, గాంధీ ఇంకా దక్షిణాఫ్రికాలోనే ఉన్నాడు. సంపూర్ణ స్వరాజ్యమే లక్ష్యమని కాంగ్రెస్ ప్రకటించడానికి ఇంకా 18 ఏళ్లు పడుతుంది. అలాంటి సభ విభజనను రద్దు చేసిన రాజుకు కృతజ్ఞతలు చెప్పడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఇప్పటి కళ్లతో చూస్తే ఇబ్బందిగా ఉంటుంది గాని, ఆ కాలపు కాంగ్రెస్ అలాగే ఉండేది.

ఆ మహాసభ రెండో రోజు, డిసెంబరు 27న, కార్యక్రమం నడిచిన వరుసను జాగ్రత్తగా చూడాలి. చిక్కంతా అక్కడే పడింది. సభ జనగణమనతో ప్రారంభమైంది. ఆ పాటను జనం ముందు పాడడం అదే మొదటిసారి. తరువాత చక్రవర్తి దంపతులకు స్వాగతం చెబుతూ తీర్మానం చేశారు. ఆపైన రాంభుజ్ చౌధురి రాసిన ఒక హిందీ పాటను బాలబాలికలు పాడారు. అది మాత్రం సూటిగా చక్రవర్తి స్తుతే. అంటే ఆ పూట రెండు పాటలు వినిపించాయి, మధ్యలో రాజభక్తి తీర్మానం నిలిచింది. ఒకటి బెంగాలీ పాట, రెండోది హిందీ పాట. రాసినవాళ్లు వేరు, ఉద్దేశించినవాళ్లు వేరు.

మరునాడు కలకత్తాలోని ఇంగ్లీషు యాజమాన్య పత్రికలు ఈ రెంటినీ ఒకటిగా కలిపేశాయి. ఠాగూర్ ప్రత్యేకంగా చక్రవర్తిని ఆహ్వానిస్తూ రాసిన పాటను సభలో పాడారని స్టేట్స్‌మన్, ఇంగ్లీష్‌మన్ రాశాయి. రాయిటర్ వార్తాసంస్థ ద్వారా ఆ మాటే లండన్ చేరింది. భారతీయులు నడిపే అమృతబజార్ పత్రిక, "బెంగాలీ" అనే పేరున్న పత్రిక మాత్రం రెండు పాటలను విడివిడిగానే పేర్కొన్నాయి. ఒకదాన్ని దైవప్రార్థనగా, దేశభక్తి గీతంగా, మరొకదాన్ని చక్రవర్తి గౌరవార్థం పాడినదిగా చెప్పాయి. బెంగాలీ రాని విలేఖరి చేతిలో ఏమేమి పడి ఉంటాయో ఊహించవచ్చు: అప్పటికే బెంగాల్లో ప్రసిద్ధుడైన కవి పేరు, ఒక రాజస్తుతి, ఒక స్వాగత తీర్మానం. పేరును తీసుకెళ్లి స్తుతికి అతికిస్తే వార్త తయారవుతుంది. ఆ ఒక్క పొరపాటు పత్రికల పాత సంచికల్లో అచ్చుగా మిగిలిపోయింది కాబట్టే ఇప్పటికీ ఎవరో ఒకరు దాన్ని తవ్వి "ఇదిగో ఆధారం" అని చూపగలుగుతున్నారు.

అయితే అసలు నిప్పు రవ్వ మరొకటి ఉంది. దాన్ని దాచిపెట్టి వాదిస్తే మన వాదమే బలహీనపడుతుంది. చక్రవర్తికి స్వాగతగీతం రాయమని రవీంద్రుణ్ణి నిజంగానే ఒకరు అడిగారు. ఈ సంగతి చెప్పినది ఆయన శత్రువులు కాదు, ఆయనే. 1937 నవంబరు 10న, ఈ పాట సంగతి అడిగిన పులిన్ విహారి సేన్‌కు రాసిన ఉత్తరంలో ఈ కథంతా ఉంది. ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి, తనకు స్నేహితుడు కూడా అయిన ఒకాయన వచ్చి చక్రవర్తిని కీర్తిస్తూ పాట కట్టమన్నాడట. ఆ కోరిక విని నిర్ఘాంతపోయాననీ, లోపల పెద్ద కల్లోలమే రేగిందనీ, ఆ కల్లోలంలోంచే ఈ పాట వచ్చిందనీ రవీంద్రుడు రాశాడు. ఎత్తుపల్లాల దారిలో యుగయుగాలుగా భారతదేశపు రథాన్ని నడుపుతున్న ఆ భాగ్యవిధాత ఐదో జార్జి గాని, ఆరో జార్జి గాని, మరే జార్జి గాని కాలేడన్నాడు. తన పాట రాజును ఉద్దేశించినది కాదన్న సంగతి ఆ రాజభక్తుడైన స్నేహితుడికి కూడా అర్థమైందని చెప్పాడు. 1939లో మరో ఉత్తరంలో ఇంకా కటువుగా మాట్లాడాడు. మానవజాతి చిరసారథి అని జార్జిని పాడేంత మూర్ఖత్వం తనకు అంటగట్టేవారికి జవాబివ్వడం తనను తాను అవమానించుకోవడమేనని అందులో భావం.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. 1911లో పుట్టిన అపోహకు 1937 దాకా ఎందుకు ఆగాడు? జవాబు కాలక్రమంలో ఉంది. 1937 అక్టోబరు చివరిలో కాంగ్రెస్ కార్యవర్గం కలకత్తాలో సమావేశమై, వందేమాతరంలో మొదటి రెండు చరణాలను మాత్రమే సభల్లో పాడాలని నిర్ణయించింది. దానిపై బెంగాల్‌లో పెద్ద దుమారం రేగింది. మొదటి రెండు చరణాలకు పరిమితం కావడం మంచిదని సలహా ఇచ్చినవారిలో రవీంద్రుడు ఉన్నాడు. సరిగ్గా అప్పుడే, నవంబరు మొదటివారంలో, జనగణమననే జాతీయ గీతంగా ఖాయం చేయాలని జేమ్స్ కజిన్స్ అనే ఐరిష్ విద్యావేత్త మద్రాసు పత్రికకు రాశాడు. రెండు పాటలు ఒకదానికొకటి పోటీగా నిలబడ్డాయి. పోటీ మొదలయ్యాక పాత పుకారు ఆయుధమైంది. సేన్ అడిగిందీ, రవీంద్రుడు జవాబిచ్చిందీ ఆ వేడిలోనే.

వందేమాతరానికి రవీంద్రుణ్ణి ప్రత్యర్థిగా చూపేవారికి ఒక విషయం గుర్తుచేయాలనిపిస్తుంది. 1896లో కలకత్తా కాంగ్రెస్‌లో బంకిం చంద్రుని ఆ గీతాన్ని స్వయంగా పాడి వినిపించినవాడు ఈ రవీంద్రుడే.

ఉత్తరాలు, పత్రికలు సరే, అవన్నీ పాట బయటి సాక్ష్యాలు. నా మటుకు నాకు పాటను మించిన సాక్షి లేదు. మనం పాడేది ఒక్క చరణమే, రాసినవి ఐదు. ఆ ఐదూ కలిపి ఒక్కసారి చదివినవారికి జార్జి ఊసు తలకెక్కదు.

మొదటి చరణం మనకు తెలిసినదే. అందులోని ప్రాంతాల వరుసను దేశపటం మీద వేలితో గీసి చూడండి: పంజాబు, సింధు, గుజరాతు, మరాఠా, ద్రావిడ, ఉత్కళ, వంగ. వాయవ్యంలో మొదలైన వేలు పడమటి తీరం వెంట దిగి, దక్షిణం చుట్టి, తూర్పు తీరం వెంట పైకెక్కి, కవి సొంత ఊరికి చేరుతుంది. తరువాత లోపలి కొండలు, నదులు, చివరికి చుట్టూ ఉన్న సముద్రపు అలలు. ఇవన్నీ కలిసి ఏం చేస్తున్నాయంటే మూడు బెంగాలీ క్రియలు చెబుతాయి. జాగే అంటే మేలుకుంటున్నాయి, మాగే అంటే వేడుకుంటున్నాయి, గాహే అంటే పాడుతున్నాయి. పాటలో తక్కినదంతా దాదాపు తత్సమమే కాబట్టి తెలుగు చెవికి సులువుగా అందుతుంది. ఈ మూడు క్రియల దగ్గరే మన పిల్లలు తడబడతారు. బడిలో వాటి అర్థం చెప్పి పాడిస్తే ఎంత బాగుంటుందో!

ఇంతకీ ఆ వరుసలో "ఆంధ్ర" ఎందుకు లేదని మనవాళ్లు తరచూ అడుగుతారు. 1911 నాటికి ఆంధ్ర అనే రాష్ట్రం లేదు. తెలుగువారిలో ఒక భాగం మద్రాసు ప్రెసిడెన్సీలో, మరో భాగం నిజాం రాజ్యంలో ఉన్నారు. ప్రత్యేక రాష్ట్రం గురించి చర్చించిన మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగినది 1913లో, అంటే పాట పుట్టిన తరువాత. దక్షిణాది మొత్తాన్నీ కవి "ద్రావిడ" అన్న ఒక్క మాటలో చుట్టాడు. అస్సాం కూడా ఆ వరుసలో లేదు. అది పరిపాలనా విభాగాల పట్టిక కాదు, ఛందస్సులో ఒదిగిన దేశపు చుట్టుకొలత.

రెండో చరణంలో హిందూ, బౌద్ధ, సిక్కు, జైన, పార్సీ, ముస్లిం, క్రైస్తవులు అందరూ ఆ విధాత పిలుపు విని వస్తారు. తూర్పు పడమరలు ఆయన సింహాసనం పక్కన చేరి ప్రేమహారం అల్లుతాయి. మూడో చరణం ఈ వివాదానికి ప్రాణం లాంటిది. "పతన-అభ్యుదయ-బంధుర పంథా, యుగ-యుగ ధావిత యాత్రీ, హే చిరసారథి" అని పిలుస్తాడు. పడుతూ లేస్తూ సాగే ఎగుడుదిగుడు దారిలో యుగయుగాలుగా పరుగెడుతున్న యాత్రికులకు శాశ్వత సారథి. "దారుణ విప్లవ మాఝే తవ శంఖధ్వని బాజే" అంటాడు. ఘోర విప్లవం నడుమ నీ శంఖం మోగుతోందని! రథం, సారథి, శంఖం కనిపించగానే తెలుగు పాఠకుడికి కురుక్షేత్రం, పార్థసారథి గుర్తుకు రావాలి. 1911 బెంగాల్‌లో విప్లవమనే మాటకు బాంబులు, ఉరికొయ్యలు, ద్వీపాంతర శిక్షలు గుర్తొచ్చేవి. 1910లో సింహాసనమెక్కిన ఒక రాజును యుగయుగాల సారథి అనడం ఒక వింత. ఆ విప్లవం మధ్య నీ శంఖమే మోగుతోందని రాజుతోనే చెప్పడం అంతకంటే పెద్ద వింత.

నాలుగో చరణం నాకు అన్నిటికంటే ఇష్టం. చిమ్మచీకటి రాత్రి, పీడితమై మూర్ఛపోయిన దేశం. ఆ రాత్రంతా రెప్పవేయకుండా, తలవంచి చూస్తూ మేలుకొని ఉన్నావు అంటాడు విధాతతో. పీడకలల్లో, భయంలో ఒళ్లోకి తీసుకొని కాపాడావు. "స్నేహమయీ తుమి మాతా." ప్రేమమయివైన తల్లివి నువ్వు. అధినాయకుడు కాస్తా ఇక్కడ అమ్మ అయ్యాడు. జార్జిని ఎవరైనా అమ్మా అని పిలుస్తారా? ఇక దేశం పీడితమైందని, మూర్ఛపోయిందని ఆ దేశాన్ని ఏలుతున్నవాడికే స్వాగతపత్రంలో రాసిస్తారా?

అవతలివారి చేతిలో మిగిలిన బలమైన మాటలు రెండే: రెండో చరణంలోని సింహాసనం, ఐదో చరణంలోని "రాజేశ్వర". ఐదో చరణంలో రాత్రి తెల్లవారుతుంది, తూర్పుకొండ నుదుట సూర్యుడు ఉదయిస్తాడు, "జయ రాజేశ్వర" అని పాట ముగుస్తుంది. రాజేశ్వరుడంటే రాజులకు ఈశ్వరుడు. దేవుణ్ణి రాజుగా చూడడం మన భక్తి సాహిత్యానికి కొత్తేమీ కాదు. త్యాగరాజుకు రాముడు కోసలరాజే, రామదాసుకు కొలువుతీరిన ప్రభువే. రవీంద్రుడి ఊహలో కూడా ఆ రాజు అప్పటికే ఉన్నాడు. ఏడాది ముందు, 1910లో, "రాజా" అనే నాటకం రాశాడు. అందులో రాజు ఎవరి కంటికీ కనబడడు, చీకటి గదిలోనే రాణిని కలుస్తాడు. ఆ రాజు భగవంతుడే. పాట అచ్చయిన చోటు కూడా ఈ సంగతే చెబుతుంది. 1912 జనవరిలో తత్వబోధినీ పత్రికలో "భారత విధాత" అన్న పేరుతో, బ్రహ్మసంగీతమన్న గుర్తుతో వచ్చింది. బ్రహ్మసంగీతం అంటే బ్రహ్మసమాజ ప్రార్థనల్లో పాడే కీర్తన. అదే నెల ఆది బ్రహ్మసమాజం మాఘోత్సవంలో దాన్ని పాడారు కూడా. నిరాకార పరబ్రహ్మను తప్ప మరెవరినీ కొలవకూడదన్న సమాజం అది. సాటి మనిషిని, అందులోనూ పరాయి రాజును పొగిడే పాటను తమ పండుగ ప్రార్థనలో ఎలా రానిస్తుంది?

ఈ పాట రాసినందుకే నోబెల్ ఇచ్చారన్న మాట కూడా పుకారుకు తోకలా వస్తుంది. నోబెల్ 1913లో వచ్చింది, ఇంగ్లీషు గీతాంజలి ముఖ్య కారణంగా. సర్ బిరుదు 1915లో వచ్చింది, ఆ నోబెల్ తరువాత. జలియన్‌వాలాబాగ్ మారణకాండ జరిగిన నెలన్నరకే, 1919 మే 31న, ఆయన ఆ బిరుదును వైస్రాయికి తిప్పికొట్టాడు.

దానికి మూడు నెలల ముందు రవీంద్రుడు మన మదనపల్లెలో ఉన్నాడు. దక్షిణాది పర్యటనలో అలసి, విశ్రాంతి కోసం అనీ బిసెంట్ స్థాపించిన థియసాఫికల్ కళాశాలకు వచ్చాడు. 1937లో మద్రాసు పత్రికకు రాసిన జేమ్స్ కజిన్సే అప్పుడు అక్కడి ప్రిన్సిపాల్. ఒక సాయంత్రం విద్యార్థుల పాటల కూటమిలో రవీంద్రుణ్ణి పాడమన్నారు. ఆయన జనగణమన ఎత్తుకున్నాడు. కజిన్స్ తరువాత రాసుకున్న జ్ఞాపకం ముచ్చటగా ఉంటుంది. మొదట ఏదో భూగోళ పాఠంలా కొండల పేర్లు, నదుల పేర్లు వినబడ్డాయట, తరువాత మతాల పేర్లు. కానీ "జయహే" దగ్గరికి వచ్చేసరికి అందరి చెవులూ నిక్కపొడుచుకున్నాయి. మళ్లీ మళ్లీ పాడించుకొని, చివరికి అందరూ గొంతు కలిపారు. జేమ్స్ భార్య మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. ఆమె రవీంద్రుడితో కూర్చొని ఆ వరుసను పాశ్చాత్య స్వరలిపిలో రాసింది. ఫిబ్రవరి 28న రవీంద్రుడు తన దస్తూరీతో పాటకు ఇంగ్లీషు అనువాదం రాసి, "భారతదేశపు ఉదయగీతం" అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఐదో చరణంలోని తెల్లవారడాన్ని చదివినవారికి ఆ పేరు ఎక్కడిదో వేరే చెప్పనక్కరలేదు. కళాశాల దాన్ని తన ప్రార్థనాగీతం చేసుకుంది.

ఇక్కడ మనవైపు పొరపాటును కూడా సరిచేసుకోవాలి. జనగణమనకు బాణీ మదనపల్లెలో పుట్టిందని మన దగ్గర తరచూ చెప్పుకుంటారు, పుస్తకాల్లో కూడా రాస్తారు. 1911లోనే సభలో పాడిన పాటకు 1919లో బాణీ పుట్టడం కుదరదు. బాణీ రవీంద్రుడిదే. మదనపల్లె చేసింది వేరు, అది చిన్న పని కాదు. బెంగాలీ రాని చోట ఆ పాట పాడవచ్చని, ఏ దేశపు వాద్యకారుడైనా కాగితం చూసి వాయించవచ్చని, ఇంగ్లీషు తెలిసిన ఎవరికైనా దాని అర్థం అందుతుందని అక్కడే మొదటిసారి తేలింది. ఆ అనువాదం మొదటి వాక్యంలోనే "ప్రజలందరి మనసుల పాలకుడు" అన్న అర్థం స్పష్టంగా ఉంది. మనం నేటికీ సగంలో కోసుకునే ఆ సమాసాన్ని కవి స్వయంగా విప్పిన చోటు రాయలసీమ.

బాణీ విషయంలో ఇలాంటి తికమకే మరొకటి ఉంది. ఆజాద్ హింద్ ఫౌజులో పనిచేసిన కెప్టెన్ రాంసింగ్ ఠాకూరీ పేరును కొందరు స్వరకర్తగా చెబుతారు. ఆయన వాద్యబృందం కోసం కూర్చినది ఫౌజు వాడిన హిందుస్తానీ రూపానికి. 1941లో బెర్లిన్‌లోని సుభాష్ చంద్రబోసు బృందం జనగణమనను జాతీయ గీతంగా స్వీకరించింది. 1942 సెప్టెంబరులో హాంబర్గులో జర్మన్ వాద్యబృందం దాన్ని వాయించింది. సైనికులందరికీ సులువుగా అర్థం కావాలని బోసు కోరగా "శుభ సుఖ చైన్" అనే హిందుస్తానీ గీతం అదే వరుసలో తయారైంది. దాన్ని రాసినవారిలో ఒకరు ఆబిద్ హసన్, మన హైదరాబాదు వాడు. జర్మనీ నుంచి జలాంతర్గామిలో బోసు వెంట తూర్పుకు ప్రయాణించినది ఈయనే.

స్వతంత్రం వచ్చాక జనగణమనను ముందుకు తెచ్చినది కవిత్వ చర్చ కాదు, ఒక అవసరం. 1947లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సమావేశాలప్పుడు ఒక కార్యక్రమంలో వాయించడానికి మీ జాతీయ గీతం ఏదని మన ప్రతినిధులను అడిగారు. వారి దగ్గర ఉన్నది జనగణమన రికార్డు. దాన్నే అక్కడి వాద్యబృందానికి ఇచ్చారు. అందరూ మెచ్చుకున్నారని, అనేక దేశాలవాళ్లు స్వరలిపి అడిగారని 1948 ఆగస్టు 25న నెహ్రూ రాజ్యాంగ సభలో చెప్పాడు. విదేశీ వాద్యబృందాలు తేలిగ్గా వాయించగలగడం, నడకలో చైతన్యం ఉండడం ఆయన చూపిన కారణాలు. మదనపల్లెలో మార్గరెట్ ఎందుకు కాగితం, కలం పట్టుకు కూర్చుందో ఈ మాటతో మరింత అర్థమవుతుంది.

తుది నిర్ణయం 1950 జనవరి 24న వచ్చింది. ఓటింగు జరగలేదు. రాజ్యాంగ సభ అధ్యక్షుడు బాబూ రాజేంద్ర ప్రసాద్ ఒక ప్రకటన చదివాడు. జనగణమన జాతీయ గీతమని, స్వాతంత్ర్య పోరాటంలో చారిత్రక పాత్ర వహించిన వందేమాతరానికి దానితో సమాన గౌరవం, సమాన హోదా ఉంటాయని ప్రకటించాడు. సభ్యులు చప్పట్లు కొట్టారు. తరువాత వరుసగా వచ్చి రాజ్యాంగ ప్రతుల మీద సంతకాలు చేశారు. సంతకాలు ముగిశాక పూర్ణిమా బెనర్జీ, మరికొందరు సభ్యులు నిలబడి జనగణమన పాడారు. వారి వెనుక లక్ష్మీకాంత మైత్రా, ఇంకొందరు వందేమాతరం అందుకున్నారు.